ఎల్లస్వామి బర్ల గుంత

రాజలింగు ఎంత బుర్ర గోక్కున్నా ఒక్క సంగతి అంతు పట్టలేదు. ఊళ్లో ఇన్ని కొంపలుండగా, కొంపనిండా మనుషులుండగా, చలిజ్వరం దోమ ఏరికోరి తన ఇంటికే ఎందుకు వచ్చినట్టు? వచ్చింది పో, ముసలి ముతకా తాము ఇద్దరూ ఉండగా, ఐదో నెల కడుపుతో ఉన్న కోడలినే ఎందుకు కుట్టినట్టు?

పోనీ తనది మురికి కొంపా అంటే, ఆ మాట అన్నవాణ్ణి భార్య భాగ్యమ్మ చీపురు తిరగేసి సాగనంపుతుంది. మడికొండ దాటి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్లో, పద్మశాలి వాడ మొత్తానికి భాగ్యమ్మ వాకిలిని మించిన వాకిలి లేదు. తెల్లవారకముందే చల్లే కల్లాపి, నీళ్ల గోలెం మీద మూత, మూత మీద రాయి. ఎంతటి చుట్టమైనా కాళ్లు కడుక్కుంటేనే గడప లోపలికి రానిచ్చేది. అవతల పంచాయతీ మురుగు మోరి ఒడ్డున ఉన్న ఇళ్లలో పిల్లలు ఆ మోరిలోనే బంతి పడేసుకుని, ఆ మోరిలోంచే తీసుకుని ఆడుకుంటారు. వాళ్లలో ఒక్కడు తుమ్మిన పాపాన పోలేదు. ఇదెక్కడి న్యాయమో రాజలింగుకు తెలియలేదు.

కోడలు వాసంతికి వానలు పడుతున్న రోజుల్లో వచ్చింది మొదటి జ్వరం. రెండు చెద్దర్లు, వాటి మీద మందపాటి జంపఖానా కప్పినా మంచం కోళ్లు కూడా వణికాయి. కొడుకు జీవన్ కారు తోలుతాడు. మడికొండలో కంప్యూటర్ ఆఫీసులకు మనుషులను చేరవేసే కారు. ఆ కారులోనే ఎక్కించుకుని హనుమకొండ దవాఖానకు తీసుకుపోయాడు. రక్తం చూసి మలేరియా అన్నారు. గోలీలు ఇచ్చారు, జ్వరం దిగింది, కడుపులో బిడ్డ క్షేమం. అయితే డాక్టరమ్మ రాజలింగును పక్కకు పిలిచి ఒక మాట అంది. వాసంతికి మొదటి కానుపు నిలవలేదన్న సంగతి ఆమెకు తెలుసు. ఇంకోసారి ఈ జ్వరం వస్తే బిడ్డ దక్కడం కష్టమని, తల్లికి కూడా గండమేనని చెప్పింది.

"మళ్లీ రాకుండా చూస్కోండి పెద్దాయనా."

రాకుండా చూసుకోవడం అంటే రాజలింగుకు ఒక్కటే అర్థమైంది. దొంగను పట్టాలి. దొంగ ఎవరన్న దానికి ఆయన పెద్దగా ఆలోచించలేదు. గోడ అవతలే కనబడుతున్నాడు.

గోడ అవతల ఎల్లస్వామి ఇల్లు. కులం వేరైనా చిన్నప్పటి నుంచీ ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పొద్దుగూకితే ఒకే అరుగు మీద కూర్చుని ఒకే అగ్గిపుల్లతో రెండు బీడీలు వెలిగించుకునేవాళ్లు. ఎల్లస్వామికి బర్లున్నాయి. బర్లు ఉన్నాక వాటికి పొర్లడానికి ఒక గుంత ఉండాలి కదా. పెరట్లో ఉంది. నల్లటి నీళ్లు, పేడ, పాచి. దాని మీద సాయంత్రమైతే దోమలు గొడుగు పట్టినట్టు లేచేవి. ఇంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి?

మలేరియా విభాగం తరఫున ఊళ్లు తిరిగే పండరి అనే ఆయన వచ్చాడు. పొడుగు పిడి ఉన్న గంటెతో బర్ల గుంతలో నీళ్లు ముంచి, ఎండకు పట్టి చూశాడు. గంటె నిండా నల్లటి పురుగులు ఈదుతున్నాయి. రాజలింగు ముఖం వెలిగిపోయింది.

"చూసినవా సారూ! నేను చెప్పలే?"

"ఇవి వేరే దోమలు కాకా. చూడు, తల కిందికి పెట్టి ఏలాడుతానయ్. మలేరియా దోమ పిల్లలైతే నీళ్ల మీద సాపుగ పండుకుంటయ్. అవి ఇసుంటి గలీజు నీళ్లల్ల ఉండయి. తేట నీళ్లు కావాలె వాటికి. మనం తాగబుద్ధయ్యే నీళ్లు."

రాజలింగు ఆయన వైపు అనుమానంగా చూశాడు. మురికిలో కాక మంచినీళ్లలో పుడతాయా దోమలు? రేపు పూలలో పేను పుడుతుందని కూడా అంటాడేమో. పైగా పండరి ఆ గంటె కడగకముందే ఎల్లస్వామి భార్య చిక్కటి బర్రెపాల చాయ్ తెచ్చి ఇచ్చింది. పండరి ఊదుకుంటూ తాగాడు. ఆ చాయ్ చూశాక రాజలింగుకు అన్నీ అర్థమైనట్టే అనిపించింది. నిజానికి అప్పటి నుంచే ఆయనకు ఏమీ అర్థం కాకుండా పోయిందని మనం అనుకోవచ్చు.

ఆయన ఊరుకోలేదు. పంచాయతీ మీదికి పోయాడు. కడుపుతో ఉన్న ఆడపిల్ల అన్నాడు, మొదటి కానుపు పోయింది అన్నాడు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కళ్లనీళ్లు నిజమైనవే. ఎవరు కాదంటారు? జేసీబీ వచ్చింది. ఎల్లస్వామి తన పెరటి గోడకు ఆనుకుని నిలబడి, తాత తవ్విన గుంతలో మొరం మట్టి పడుతుంటే చూశాడు. అరవలేదు, ఆపలేదు.

"బావా, నీ కోడలు నాకు కోడలు కాదా? గుంతల దోమలున్నయని పండరి సారు చెప్తే నేనే పూడుద్దును. సారు కాదన్నడు గద."

"సారు నీ చాయ్ తాగిండు," అన్నాడు రాజలింగు.

ఆ మాటతో అరుగు ఖాళీ అయింది. ఎల్లస్వామి మర్నాడే బర్లను తోలుకుని పొలం దగ్గరి బావి కాడికి మార్చాడు. తానూ ఎక్కువగా అక్కడే ఉండసాగాడు. దోస్తు పోయాడని రాజలింగుకు గుండెలో గుచ్చుకుంది గానీ, కోడలి ముందు దోస్తు ఎంత అని గట్టిగా అనుకుని ఆ ముల్లును అక్కడే తొక్కేశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. వాసంతి మంచం అప్పటిదాకా ఎల్లస్వామి గోడ వైపు గదిలో ఉండేది. గుంత పూడ్చినా దాని వాసన పోతుందా, మిగిలిన దోమలు పోతాయా? రాజలింగు తానే పట్టుబట్టి ఆ మంచాన్ని ఇంటి వెనక మగ్గం అర్ర అనే గది ముందు వసారాలోకి మార్పించాడు. ఇంట్లో అంతకంటే చల్లని చోటు, శుభ్రమైన చోటు ఇంకోటి లేదు. పొద్దుగూకేవేళ అక్కడ కూర్చుంటే గాలి హాయిగా తగులుతుంది.

"ఈడ కూసో బిడ్డా. ఎల్లస్వామి గాలి కూడ రాదు ఈడికి," అన్నాడు.

వాసంతి మంచం ఎదురుగా తాళం వేసి ఉన్న మగ్గం అర్ర తలుపు వైపు ఒకసారి చూసి, సరే మామా అంది.

ఆ తలుపు వెనక రాజలింగు మగ్గం ఉంది. గుంట మగ్గం. నేలలో నడుము లోతు గుంత తీసి, దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి తొక్కుడు పలకలు తొక్కుతూ నేసే మగ్గం. ఆ గుంతలో కాళ్లు పెట్టి రాజలింగు తండ్రి నేశాడు, తండ్రి బతికుండగానే దాన్ని అప్పగిస్తే రాజలింగు నేశాడు. నేసిన జంపఖానాలు కొత్తవాడకు అమ్మకానికి పోయేవి. పోయినేడు మోకాళ్లు మొరాయించాయి. గుంతలోకి దిగితే పైకి రావడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. దసరాకు మగ్గానికి పూజ చేసి, సగం నేసిన జంపఖానాను అట్లాగే ఉంచి, గుంత మీద చెక్కలు పరిచి, తలుపుకు తాళం వేశాడు. తర్వాత తెరవలేదు. ఆ సగం జంపఖానాను చూడటం ఆయన వల్ల కాదు. భాగ్యమ్మ మాత్రం శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్లు పెడుతుంది. ఆ అర్ర గురించి ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మాట్లాడితే రాజలింగు ఆ పూట అన్నం తినడు.

భాద్రపదం వచ్చింది. ఎల్లస్వామి లేడు, గుంత లేదు, బర్లు లేవు. రాజలింగు అరుగు మీద ఒక్కడే కూర్చుని తన తెలివికి తానే మురిసిపోతూ బీడీ కాలుస్తున్నాడు. లోపలి నుంచి భాగ్యమ్మ కేక వేసింది. వాసంతి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

మళ్లీ చలి, మళ్లీ వణుకు, మళ్లీ జీవన్ కారు. భాగ్యమ్మ కోడలి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కారు మలుపు తిరిగేదాకా రాజలింగు వాకిట్లోనే నిలబడ్డాడు. ఆయనకు ఏడుపు రాలేదు, భయం కూడా వెంటనే రాలేదు. ముందు వచ్చింది అయోమయం. దొంగను పట్టి, కాళ్లూ చేతులూ విరిచి, ఊరి బయటికి తరిమేశాక కూడా ఇంట్లో దొంగతనం జరిగితే మనిషి ఏమనుకోవాలి?

మర్నాడు పండరి తానే వచ్చాడు. రాజలింగు ఈసారి చాయ్ గురించి ఏమీ అనలేదు. ఇంట్లో చాయ్ పెట్టేవాళ్లు కూడా లేరు.

"పా కాకా, ఊరంత చూద్దాం," అన్నాడు పండరి.

కర్ర పట్టుకుని రాజలింగు ఆయన వెంట నడిచాడు. పనికిరాని పాత బావిలోకి తొంగి చూశారు. ఒకప్పుడు రాయి వేస్తే డొల్ల చప్పుడొచ్చే బావి, ఇప్పుడు చెంబుతో ముంచుకునేంత పైకి నీళ్లు. కాలువ నీళ్లతో చెరువు నిండటం మొదలైనప్పటి నుంచీ ఊళ్లో బావులన్నీ అట్లాగే ఉన్నాయి. పండరి ఆ బావిలో తాను ఎప్పుడో వదిలిన చిన్న చేపలు తిరుగుతున్నాయని చూపించాడు. చేపలున్న చోట పురుగు బతకదట. తర్వాత పొలాలు. వరి మడి మూలన కదలకుండా నిలిచిన నీళ్లు, కాలువ కట్ట కింద ఊట వచ్చి నిలిచిన మడుగు, చివరికి తడి నేలలో ఎద్దు అడుగు వేసిన చోట చిప్పెడు నీళ్లు. అన్నిటిలోనూ గంటె ముంచాడు.

ఊట మడుగులో దొరికాయి. గంటె వంచి చూపిస్తే, గడ్డి ముక్కల్లాంటి పురుగులు నీళ్ల మీద సాపుగా పడుకుని ఉన్నాయి. కింద గంటె అడుగు తళతళ మెరుస్తోంది. అంత తేటగా ఉన్నాయి నీళ్లు. రాజలింగు దోసిలి పట్టబోయి ఆగాడు. దాహం వేసినప్పుడు పొలంలో ఇట్లాంటి నీళ్లు ఎన్నిసార్లు తాగలేదు?

"మరి ఇవే గద సారూ? ఈడికెళ్లే వచ్చినయ్ మా ఇంటికి."

"రావచ్చు. కానీ దీంట్ల మందు పోస్తనే ఉన్న కాకా. ఈ మడుగు పక్కన ఇండ్లకు రాకుంట నీ ఇంటికి ఎట్ల వస్తది? నాకూ సమజైతలేదు."

ఆయనకు కూడా సమజు కాకపోవడం రాజలింగును మరీ కుంగదీసింది. చదువుకున్నవాడు తడబడితే చదువు లేనివాడు ఎవరిని పట్టుకోవాలి?

తిరిగి వస్తూ పండరి ఇంకో మాట జారవిడిచాడు. ఇటువైపు తిరిగే మలేరియా దోమకు మనిషి కంటే పశువు రక్తం ఇష్టమట. పక్కన బర్లున్నప్పుడు చాలా దోమలు వాటి మీదికే పోయేవేమో, బర్లు పోయాక మనుషుల మీద పడ్డాయేమో అన్నాడు. గట్టిగా చెప్పలేను గానీ, అని కూడా అన్నాడు. ఆ 'గానీ' రాజలింగుకు వినపడలేదు. బర్లు దోమలను తెచ్చాయా, ఆపాయా? ఎల్లస్వామి తన కోడలిని చంపబోయాడా, కాపాడాడా? ఆయన బుర్రలో ఆ ప్రశ్నలు చిక్కుపడ్డ నూలు లాగా తయారయ్యాయి. కొస దొరికితే కదా విప్పడానికి!

ఇంటికి వచ్చి పండరి గోలెం చూశాడు, మిద్దె మీది ట్యాంకు చూశాడు, కూలరు వంచి చూశాడు. చుక్క నీళ్లు నిలిచిన చోటు లేదు. వెనక్కి వచ్చి తాళం చూపించాడు.

"లోపల ఏమున్నది కాకా?"

"మగ్గం అర్ర."

"జర తీస్తవా?"

"మగ్గం అర్రల నీళ్లా?" రాజలింగు నిజంగానే నవ్వాడు. "ఏం మాట్లాడుతానవ్ సారూ? నూలుకు నీళ్లకు పడుతదా? యాభై ఏండ్లు కాళ్లు పెట్టి కూసున్న ఆ గుంతల. దుమ్ము తప్ప తేమ ఎరుగదు. మా అయ్య కొలువున్న జాగ అది. బూట్లేసుకోని పోయే అర్ర కాదు."

పండరి తన బూట్ల వైపు చూసుకున్నాడు. నేతగాడి ఇంట్లో మగ్గం అర్ర అంటే దేవుడి అర్ర కంటే ఒక మెట్టు ఎక్కువేనని ఊళ్లు తిరిగే మనిషికి తెలియనిది కాదు. సరేలే అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో రాజలింగు ఒక్కడే. జీవన్ ఫోను చేశాడు. జ్వరం ఇంకా దిగలేదని, డాక్టర్లు బిడ్డ గుండె వింటూనే ఉన్నారని చెప్పాడు. కొట్టుకుంటోందా అని అడగడానికి రాజలింగుకు నోరు రాలేదు. కొడుకే చెప్పాడు, కొట్టుకుంటోందని. ఫోను పెట్టేసి ఏం చేయాలో తోచక, వాసంతి మంచం మీద కూర్చున్నాడు. ఆమె కూర్చున్న చోట కూర్చుంటే ఆమెకు కొంచెం బలం చేరినట్టు ఏదో పిచ్చి ఊహ.

పొద్దు వాలుతోంది. మోచేయి మీద చురుక్కుమంది. కొట్టబోయి ఆగి చూశాడు. దోమ వీపు పైకెత్తి, తల కిందికి గుచ్చి, ముల్లు దిగినట్టు ఏటవాలుగా నిలబడి ఉంది. మలేరియా దోమ అట్లా కూర్చుంటుందని పొలంలో పండరి చెప్పాడు. రాజలింగు ఊపిరి బిగబట్టి గోడ వంక చూశాడు. గోడ మీద ఇంకోటి. దాని పైన ఇంకోటి. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఎల్లస్వామి గోడ వైపు చూశాడు, అటు నుంచి ఒక్కటీ రావడం లేదు. వాకిలి వైపు చూశాడు, అటూ లేదు. అప్పుడు మగ్గం అర్ర తలుపు రెక్కల మధ్య సందులోంచి ఒక దోమ బయటికి వచ్చింది. దాని వెనకే మరొకటి.

తాళంచెవి ఎక్కడుందో గుర్తు రావడానికే ఆయనకు చాలాసేపు పట్టింది. దేవుడి పటం వెనక ఉంది.

తలుపు తీయగానే ముఖం నిండా గుయ్యిమన్నాయి. పైన పెంకులు చాలా చోట్ల లేవు, కోతులు పీకేసినట్టున్నాయి. ఆ సందుల్లోంచి పడమటి ఎండ ఏటవాలుగా పడి, సగం నేసిన జంపఖానా మీద ఎరుపూ పచ్చా చారలు వెలుగుతున్నాయి. రాజలింగు దాని వైపు చూడకుండా కర్ర మీద ఆనుకుని వంగి, గుంత మీది చెక్క ఒకటి పక్కకు లాగాడు.

నీళ్లు.

ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున తొక్కుడు పలకలు కనబడుతున్నాయి. తన పాదాలు అరగదీసిన గుంటలు కూడా వాటి మీద కనబడుతున్నాయి. నీళ్ల మీద, గుంత అంచు వెంబడి, గడ్డి ముక్కల్లాంటి పురుగులు సాపుగా పడుకుని ఉన్నాయి. కర్ర తగలగానే చప్పున పక్కకు జరిగి మళ్లీ సాపుగా పడుకున్నాయి.

రాజలింగు అట్లాగే నేల మీద చతికిలబడ్డాడు. వాన పడిందా అంటే, పెంకుల సందులోంచి పడే చినుకులకు నడుము లోతు గుంత నిండదు. పైపు లేదు, మోరి లేదు. మరి నీళ్లు ఎక్కడివి? చెంబుకు అందేంత పైకొచ్చిన పాత బావి గుర్తొచ్చేదాకా ఆయనకు అర్థం కాలేదు. చెరువు నిండింది, బావులు నిండాయి, నేల కడుపు నిండింది. నిండిన నేల తన గుంతలోకి ఊరింది. బతుకంతా నీళ్లు లేని ఊళ్లో నీళ్ల కోసం మొక్కిన మనిషికి, నీళ్లు వచ్చి కాళ్ల కింద కూర్చున్నాయని తట్టకపోతే తప్పు ఎవరిది? నీళ్లదా, మొక్కుదా? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఏమిటో ఆయనకు ఆ క్షణాన తెలిసింది. వెతకడమే అయితే నయం. తాను పిల్లను తీసుకొచ్చి పాము పుట్ట ముందు పడుకోబెట్టాడు.

బకెట్టు తెచ్చి తోడాడు. మోకాళ్లు ఏడ్చాయి, నడుము ఏడ్చింది, చివరికి ఆయన కూడా ఏడ్చాడు. అడుగు నేల తేలేదాకా తోడి, గోడకు ఆనుకుని అక్కడే కునుకు తీశాడు. తెల్లవారి చూస్తే గుంతలో మళ్లీ మోకాలి లోతు నీళ్లున్నాయి. అంతే తేటగా.

పండరికి ఫోను చేస్తే పరుగున వచ్చాడు. ఈసారి బూట్లు తానే బయట విప్పాడు. నీళ్ల మీద నూనె పోసి, పురుగులకు ఊపిరి ఆడకుండా చేశాడు.

"ఊట ఆగేదాక వారం వారం పోస్తనే ఉండాలె కాకా. ఒక్క వారం మర్సినా మళ్ల పుడతయ్. పూడ్చుడే మంచిది. ఇగ నీ ఇష్టం."

పూడ్చడం! బట్టలు తీసుకుపోవడానికి దవాఖాన నుంచి వచ్చిన భాగ్యమ్మ ఆ మాట విని గుండె మీద చేయి వేసుకుంది.

"మగ్గం గుంత పూడుస్తరా? ఇంట్ల నేసేటోడు పోతె, పదకొండో దినం ఐనంక పూడుస్తరు గుంత. నువ్వు బతికుండంగ పూడుస్తవా? నా బొట్టు సంగతేంది?"

ఆ ఆచారం రాజలింగుకు తెలియనిదా? తాత పోయినప్పుడు తాత మగ్గం గుంతలో మొదటి తట్ట మన్ను పోసింది తన తండ్రే. ఆ పక్కన ఇంకో గుంత తీసి తన మగ్గం పెట్టుకున్నాడు. నేసేవాడు లేడని ఊరికి చెప్పడమే గుంత పూడ్చడం అంటే. నూనె పోస్తే సరిపోదా? వారం వారం తాను మరిచిపోతాడా? మరిచిపోతే? అటు చూస్తే తన చావు, ఇటు చూస్తే పుట్టని బిడ్డ. ఏదీ తేల్చుకోలేక, భాగ్యమ్మ వెంట ఆటో ఎక్కి దవాఖానకు పోయాడు.

వాసంతికి జ్వరం దిగింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. కానీ ముఖం పిండి పూసినట్టు తెల్లబడింది, చెంపలు లోపలికి పోయాయి. జీవన్ తండ్రిని చూసి వరండాలోకి వచ్చాడు.

"రేపు ఇంటికి తోలుకపొమ్మన్నరు బాపూ. ఏ ఇంటికి తోలుకపోవాలె? ఈడ సుబేదారిల మా దోస్తుది ఒక అర్ర ఉన్నది. అడుగుతాన."

కొడుకు గొంతులో కోపం లేదు. కోపం ఉంటే రాజలింగు కూడా అరిచేవాడు, అంతా తేలికయ్యేది. ఆయన లోపలికి పోయి కోడలి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, ముందు నీళ్లు తాగావా అని అడిగాడు. తాగానంది.

"బిడ్డా, దోమలు ఎల్లస్వామి గుంతల లేవు. మన మగ్గం అర్రల ఉన్నయ్. గుంత నిండ నీళ్లూరినయ్. నీ మంచం తీస్కపోయి వాటి ముంగట ఏసింది నేనే."

వాసంతి ఆయన వైపు చూసింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. అది చూసి రాజలింగు తికమకపడ్డాడు.

"నాకు తెలుసు మామా," అంది మెల్లగా.

"తెలుసా?"

"నీళ్ల సంగతి తెల్వది. దోమల సంగతి తెలుసు. పొద్దు గూకంగనే ఆ తలుపు సందులకెళ్లి ఎల్లేటియి. లోపల ఒకటే సప్పుడు. సందుల పాత చీర కుక్కి చూసిన. ఆగలే."

"మరి నాకొక్క మాట చెప్పకపోతివి బిడ్డా?"

వాసంతి పైన తిరిగే ఫ్యాను వంక చూస్తూ చెప్పింది.

"ఎట్ల చెప్పాలె మామా? చిన్నప్పటి దోస్తు, ఎల్లస్వామి మామ చెప్తెనే ఇనకపోతివి. ఆయనను ఇంట్ల ఉండనియ్యకపోతివి. మగ్గం అర్రల దోమలున్నయని నేనంటే నన్ను ఉండనిస్తువా? మొదటి కానుపు పాయె, ఇప్పుడు మగ్గానికి వంక పెట్టవట్టె అంటరని భయమైంది."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నది చెప్పింది. రాజలింగుకు ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయినట్టయింది. ఇన్నాళ్లూ ఆయన దోమను చూసి భయపడ్డాడు. ఈ పిల్ల తనను చూసి భయపడింది. ఎంతగా అంటే, కుట్టే దోమల ముందు రోజూ కూర్చుంది గానీ, తన ముందుకు వచ్చి ఒక్క మాట అనలేదు. ఊరంతా తిరిగి నీళ్లు వెతికాడు కదా తాను, ఇంట్లో మనిషిని ఒక్కసారి అడిగాడా? పొలంలో ఎద్దు అడుగులోని నీళ్లకు ఇచ్చిన విలువ కోడలి మాటకు ఇవ్వలేదు. తనకంటే ఆ పాడు గుంత నయం, లోపల ఏముందో కనబడనైనా కనబడింది.

ఆయన లేచి బయటికి వచ్చాడు. ఎక్కడికి అని భాగ్యమ్మ అడిగినా చెప్పలేదు. ఊరి బస్సు దిగి ఇంటికి పోకుండా, కర్ర పొడుచుకుంటూ పొలాల బాట పట్టాడు.

ఎల్లస్వామి బావి దగ్గర, గుడిసె ముందు నిలిపిన తన ట్రాక్టరు పక్కన, బర్లకు గడ్డి వేస్తున్నాడు. గట్టు మీద రాజలింగును చూసి కూడా చూడనట్టే ఉన్నాడు. రాజలింగు ఆయాసం తీరేదాకా నిలబడ్డాడు. క్షమించమనే మాట ఆయన నోటికి అలవాటు లేదు. అలవాటు ఉన్న మాటతోనే మొదలుపెట్టాడు.

"బావా, ఒక ట్రాక్టరు మొరం కావాలె."

ఎల్లస్వామి తల ఎత్తలేదు. "ఇంకెవని గుంత దొరికింది నీకు?"

"నాదే. మగ్గం గుంత."

ఎల్లస్వామి చేతిలోని గడ్డి అట్లాగే ఆగిపోయింది. గోడ అవతల ఆ మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మనిషి. ఆ గుంత ఎప్పుడు పూడుస్తారో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

"నువ్వు బతికుండంగనా లింగం బావా?"

"దోమలు అండ్లనే పుట్టినయ్. నీ దాంట్ల కాదు," అన్నాడు రాజలింగు. "నేను చాన బతికిన. కోడలి కడుపుల ఉన్నది బతకాలె గద."

ఎల్లస్వామి గడ్డి కింద పడేసి, చేతులు పంచెకు తుడుచుకుంటూ, ట్రాక్టరు తాళంచెవి కోసం గుడిసెలోకి పోయాడు.